ఆర్‌సీ ఫైల్ వెనక లెక్క: 16 బిట్ విండోస్‌లో రిసోర్సులు ఎలా తయారయ్యేవి

విండోస్ 3.1 కాలం నాటి సీ ప్రోగ్రామ్ ఒకటి తెరిచి చదివితే "ఫైల్", "ఎడిట్", "సేవ్ చేయాలా?" లాంటి మాటలు సాధారణంగా కోడ్‌లో కనిపించవు. ప్రోగ్రామ్ నడిపితే మాత్రం మెనూ ఉంటుంది, డైలాగ్ బాక్స్ వస్తుంది, మినిమైజ్ చేస్తే కింద చిన్న ఐకాన్ కూడా కనిపిస్తుంది. ఇవన్నీ పక్కనే ఉన్న ఇంకో ఫైల్లో, .ఆర్‌సీ అనే ఎక్స్‌టెన్షన్‌తో మామూలు టెక్స్ట్‌గా రాసి ఉంటాయి. దీన్నే రిసోర్స్ స్క్రిప్ట్ అంటారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది బొమ్మలూ మాటలూ ఒకచోట వేసి పెట్టుకునే సంచిలా అనిపిస్తుంది. అలా అనుకుని మొదలుపెడితే తర్వాత వచ్చే సగం రూల్స్ అర్థం కావు. ఈ పద్ధతి పుట్టింది మెమరీ కరువులోంచి, ఆ కరువు గుర్తుంచుకుంటే దీంట్లోని ప్రతి వింత రూలుకూ కారణం దొరుకుతుంది.

విండోస్ 1.0 వచ్చింది 1985 నవంబర్‌లో. దానికి కావాల్సిన కనీస మెమరీ 256 కిలోబైట్లు. ప్రాసెసర్ 8088 అయినా చాలు, అంటే డిస్క్‌లో కొంత చోటును మెమరీలా వాడుకునే వర్చువల్ మెమరీ అన్న మాటే లేదు. పైగా ప్రోగ్రామ్ రాసేవాడికి ఇంకో ఇరుకు ఉంది. సీ కోడ్‌లో కోట్స్ మధ్య రాసిన ప్రతి మాటా మామూలుగా డిఫాల్ట్ డేటా సెగ్మెంట్ అనే మెమరీ ముక్కలోకి వెళ్లి కూర్చుంటుంది, ఆ సెగ్మెంట్ 64 కిలోబైట్లు దాటడానికి వీల్లేదు, అందులోనే స్టాకూ, లోకల్ హీపూ, గ్లోబల్ వేరియబుల్సూ సర్దుకోవాలి. ఏడాదికోసారి కూడా కనిపించని ఎర్రర్ మెసేజ్ కోసం అక్కడ జాగా ఇవ్వడం అంటే ఒకే గది ఉన్న ఇంట్లో పండక్కి మాత్రమే తీసే గంగాళాన్ని నడి గదిలో పెట్టుకోవడమే. అందుకని ఆ మాటల్నీ బొమ్మల్నీ డిస్క్ మీద ఎగ్జిక్యూటబుల్ ఫైల్లోనే (నడిపే ప్రోగ్రామ్ ఫైలు, .ఈఎక్స్‌ఈ) ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే మెమరీలోకి తెచ్చుకుని, పని అయ్యాక వదిలేసేలా ఏర్పాటు చేశారు. రిసోర్స్ అంటే అదే.

ఈ ఆలోచన విండోస్‌దే అని చెప్పలేం. 1984లో వచ్చిన మెకింటాష్‌లో బ్రూస్ హార్న్ రాసిన రిసోర్స్ మేనేజర్ అప్పటికే ఉంది. అక్కడ ఒక్కో ఫైలుకు రెండు భాగాలు ఉండేవి, రిసోర్సుల కోసం ప్రత్యేకంగా ఒకటి. డాస్ ఫైల్ సిస్టమ్‌లో అలాంటి రెండో భాగం లేదు కాబట్టి విండోస్‌లో ఎగ్జిక్యూటబుల్‌లోకే చేర్చేశారు. దీనివల్ల ఒక మేలు జరిగింది: మెక్ ఫైల్ వేరే సిస్టమ్‌లోకి కాపీ చేస్తే రిసోర్సులు రాలిపోయే ప్రమాదం ఉండేది, విండోస్‌లో ఆ బాధ లేదు.

తయారుచేసే వరుస ఇలా ఉండేది. ముందు ఒక హెడర్ ఫైల్ రాస్తారు, అందులో పేర్లకు నంబర్లు ఇస్తారు: ఈ మెనూ 1, ఈ డైలాగ్ 100, ఈ బటన్ 101 అని. ఆ హెడర్‌ను సీ కోడూ కలుపుకుంటుంది, .ఆర్‌సీ ఫైలూ కలుపుకుంటుంది. తర్వాత రిసోర్స్ కంపైలర్ ఆ స్క్రిప్ట్‌ను చదివి .రెస్ అనే బైనరీ ఫైలు చేస్తుంది. సీ కోడ్ విడిగా కంపైల్ అయి, ముక్కల్ని కలిపే లింకర్ అనే టూల్ దాన్ని .ఈఎక్స్‌ఈ చేస్తుంది. ఇక్కడ ఈ కాలం వాళ్లకు వింతగా కనిపించే సంగతి ఒకటుంది: 16 బిట్ లింకర్‌కు రిసోర్సుల సంగతే తెలియదు. లింక్ అయిపోయాక మళ్లీ రిసోర్స్ కంపైలర్‌నే పిలిచి .రెస్‌ను ఆ .ఈఎక్స్‌ఈలో చేర్చాలి. అంటే ఒకే టూల్ రెండుసార్లు, రెండు వేర్వేరు పనుల కోసం. ఈ అడుగుల వరుస రాసిపెట్టే మేక్ ఫైల్లో రెండో అడుగు మర్చిపోతే ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, నడిపితే మెనూ లేకుండా వస్తుంది. పైగా ఏ విండోస్ వెర్షన్ కోసం తయారైందో ఫైల్లో ముద్ర వేసేది కూడా ఈ రిసోర్స్ కంపైలరే, కాబట్టి ఒక్క రిసోర్స్ లేని ప్రోగ్రామ్‌ను కూడా విండోస్ 3.0 కోసం చేస్తే దాని గుండా పంపాల్సిందే. లేకపోతే ఇది పాత విండోస్ కోసం రాసిన ప్రోగ్రామ్ అని సిస్టమ్ హెచ్చరిక చూపిస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఆ హెడర్ దగ్గరే. .ఆర్‌సీ ఫైల్లో ఐకాన్‌కు ఒక పేరు రాశారనుకుందాం, ఆ పేరుకు హెడర్‌లో నంబర్ ఉంది, కానీ .ఆర్‌సీ మొదట్లో హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేయడం మర్చిపోయారు. కంపైలర్ ఎర్రర్ ఇస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఇవ్వదు. రిసోర్స్‌కు నంబరైనా ఉండొచ్చు, పేరైనా ఉండొచ్చు అన్నది రూల్, కాబట్టి నంబర్ దొరకని ఆ మాటను అది అక్షరాలా పేరుగా తీసుకుని ఆ పేరుతోనే ఐకాన్‌ను దాచేస్తుంది. సీ కోడ్ వైపు మాత్రం హెడర్ ఉంది, అది నంబర్ పట్టుకుని వెతుకుతుంది. ఆ నంబర్‌తో ఏమీ దొరకదు. ఐకాన్ తెచ్చే లోడ్‌ఐకాన్ ఫంక్షన్ సున్నా తిరిగి ఇస్తుంది, డైలాగ్ చూపించే డైలాగ్‌బాక్స్ ఫంక్షన్ అయితే మైనస్ 1 ఇస్తుంది, స్క్రీన్ మీద ఏమీ జరగదు. ఆ తిరిగొచ్చిన విలువను ఎవరూ చూడరు కాబట్టి గంటలు గంటలు సీ కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. కొత్త .ఆర్‌సీ ఫైల్ మొదలుపెట్టగానే మొదటి లైన్ హెడరే కావాలి, ఇందులో రాజీ వద్దు. నంబర్లు ఎలా ఇవ్వాలన్న దానికి కూడా ఒక సంగతి తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది: వేర్వేరు రకాల రిసోర్సులకు ఒకే నంబర్ ఉన్నా గొడవ లేదు. మెనూ 1, ఐకాన్ 1, డైలాగ్ 1 పక్కపక్కనే ఉండొచ్చు, ఎందుకంటే వెతికేటప్పుడు ముందు రకం, ఆ తర్వాతే నంబర్. లోపల మెనూ అంటే రకం 4, డైలాగ్ అంటే 5, స్ట్రింగ్ అంటే 6.

స్ట్రింగ్ టేబుల్ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కరువు లెక్క అంతా ఇక్కడ బయటపడుతుంది. .ఆర్‌సీలో స్ట్రింగ్ టేబుల్ అంటే నంబర్, పక్కన మాట, అంతే, చాలా అమాయకంగా ఉంటుంది. కానీ రిసోర్స్ కంపైలర్ వాటిని విడివిడిగా దాచదు. 16 మాటల చొప్పున కట్టలు కడుతుంది. నంబర్‌ను 16తో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపితే కట్ట నంబర్ వస్తుంది. ఉదాహరణకు 1000 నంబర్ మాటకు: 1000ని 16తో భాగిస్తే 62, ఒకటి కలిపితే 63. అంటే ఆ మాట 63వ కట్టలో ఉంది, ఆ కట్టలో 992 నుంచి 1007 దాకా ఉన్న 16 నంబర్లకూ చోటు ఉంది. కట్ట లోపల ఒక్కో మాటకు ముందు దాని పొడవు చెప్పే ఒక బైట్, తర్వాత అక్షరాలు. వాడని నంబర్‌కు సున్నా అనే ఒక్క బైట్. పొడవు ఒకే బైట్‌లో పట్టాలి కాబట్టి ఏ మాటా 255 అక్షరాలు దాటకూడదు. ఆ హద్దు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిపోయింది కదా.

ఇప్పుడు ఒక ప్రోగ్రామర్ ఎర్రర్ మెసేజ్‌లకు 100, 200, 300 అని గుండ్రటి నంబర్లు ఇచ్చాడనుకుందాం, చూడ్డానికి నీటుగా ఉంటాయని. లెక్క వేస్తే 100 వెళ్లేది 7వ కట్టకు, 200 వెళ్లేది 13కు, 300 వెళ్లేది 19కి. మూడు మాటలకు మూడు కట్టలు, ఒక్కో కట్టలో 15 ఖాళీ బైట్లు, ఒక్కో కట్టకు ఫైల్ మొదట్లో ఉండే రిసోర్స్ పట్టికలో 12 బైట్ల ఎంట్రీ, అన్నిటికన్నా ముఖ్యంగా మూడూ కావాల్సి వస్తే డిస్క్ దగ్గరికి మూడుసార్లు వెళ్లడం. అదే 96, 97, 98 అని ఇచ్చి ఉంటే ఒకే కట్ట, ఒకే చదువు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: ఒక మాట అడిగినా 16 మాటల కట్ట మొత్తం మెమరీలోకి వస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు ఒకేసారి అవసరమయ్యే మాటల్ని ఒక కట్టలో పడేలా నంబర్లు వేసేవాళ్లు, ఎప్పుడో గానీ రాని మాటల్ని ఇంకో కట్టలోకి తోసేవాళ్లు. స్క్రిప్ట్‌లో వీటి గురించి ఒక్క ముక్క కూడా రాసి ఉండదు. నంబర్ ఎంచుకోవడంలోనే డిజైన్ అంతా ఉంది.

ఫైల్లో చోటు విషయంలోనూ ఇలాంటి లెక్కే. ఎన్‌ఈ అని పిలిచే 16 బిట్ ఎగ్జిక్యూటబుల్ ఫార్మాట్‌లో రిసోర్స్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి 16 బిట్ల సంఖ్య ఒక్కటే ఉంటుంది. దాంతో నేరుగా బైట్లు లెక్కపెడితే 64 కిలోబైట్లు దాటలేం. అందుకని ఆ సంఖ్యను 16తోనో 512తోనో గుణించుకోమని పట్టిక మొదట్లో ఒక మాట రాసి ఉంటుంది. 16 అయితే ఫైల్లో 1 మెగాబైట్ దూరం దాకా, 512 అయితే 32 మెగాబైట్ల దాకా వెళ్లొచ్చు. కానీ 512 పెట్టుకుంటే 20 బైట్ల చిన్న రిసోర్స్ కూడా 512 బైట్లు ఆక్రమిస్తుంది. ఫ్లాపీలో ఇచ్చే ప్రోగ్రామ్‌కు ఇది చిన్న విషయం కాదు.

ఐకాన్ దగ్గరికొద్దాం. ఆ రోజుల్లో ఐకాన్ గీయడానికి ప్రోగ్రామర్ల టూల్స్ సెట్ అయిన విండోస్ ఎస్‌డీకేతో వచ్చే ఎడిటర్లు ఉండేవి, బోర్లాండ్ వాళ్ల రిసోర్స్ వర్క్‌షాప్ ఉండేది, 1993లో వచ్చిన విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో యాప్ స్టూడియో ఉండేది. ఏది వాడినా చివరికి వచ్చే .ఐసీఓ ఫైల్ ఒకటే, మామూలు 32 బై 32 చుక్కల 16 రంగుల ఐకాన్ అయితే దాని సైజు సరిగ్గా 766 బైట్లు. ఆ 766 ఎక్కడినుంచి వచ్చిందో విడదీసి చూస్తే చాలా విషయం ఉంది. మొదట 6 బైట్ల హెడర్, ఫైల్లో ఎన్ని బొమ్మలున్నాయో చెప్పడానికి. తర్వాత ఒక్కో బొమ్మకు 16 బైట్ల ఎంట్రీ. ఆపైన 40 బైట్ల బిట్‌మ్యాప్ హెడర్, 16 రంగులకు నాలుగేసి బైట్ల చొప్పున 64 బైట్ల రంగుల పట్టిక, చుక్కకు 4 బిట్ల చొప్పున 512 బైట్ల బొమ్మ, చుక్కకు 1 బిట్ చొప్పున 128 బైట్ల మాస్క్ (వెనకున్నది ఎక్కడ కనిపించాలో చెప్పేది). కూడితే 766.

చివర్లో ఉన్న ఆ 128 బైట్ల మాస్క్ లేకపోతే ఐకాన్ చుట్టూ నల్ల చదరం కనిపిస్తుంది. విండోస్ ఐకాన్‌ను రెండు విడతల్లో గీస్తుంది. ముందు స్క్రీన్ మీదున్న చుక్కకు మాస్క్‌తో యాండ్ చేస్తుంది (రెండు బిట్లూ 1 అయితేనే 1), తర్వాత బొమ్మతో ఎక్స్‌ఓఆర్ చేస్తుంది (రెండు బిట్లూ వేరైతేనే 1). మాస్క్ 0 అయితే వెనకున్నది చెరిగిపోయి బొమ్మ రంగు వస్తుంది. మాస్క్ 1, బొమ్మ 0 అయితే వెనకున్నది అలాగే ఉంటుంది, అదే పారదర్శకం. మాస్క్ 1, బొమ్మ తెలుపు అయితే వెనకున్న రంగు తిరగబడుతుంది. పారదర్శకత కోసం వేరే ఏ హంగూ లేకుండా రెండు బిట్ ఆపరేషన్లతో పని ముగించేశారు, ఇప్పటికీ చూస్తే ముచ్చటేస్తుంది. సొంతంగా ఐకాన్ ఫైల్ తయారుచేసే ప్రోగ్రామ్ రాసేవాళ్లు తప్పక పడే గుంట ఒకటి: బిట్‌మ్యాప్ హెడర్‌లో ఎత్తు 32 అని రాయకూడదు, 64 అని రాయాలి, బొమ్మ ఎత్తూ మాస్క్ ఎత్తూ కలిపి. పైగా రెండూ కింది వరుస నుంచి పైకి రాయాలి.

.ఆర్‌సీలో ఐకాన్‌కు ఒక్క లైన్ రాస్తే ఎగ్జిక్యూటబుల్‌లోకి కనీసం రెండు రిసోర్సులు వెళ్తాయి. బొమ్మలు విడివిడిగా రకం 3 కింద, వాటి జాబితా రకం 14 కింద. ఒకే ఐకాన్‌లో వీజీఏ రంగుల స్క్రీన్ కోసం 16 రంగుల బొమ్మ, మోనోక్రోమ్ స్క్రీన్ కోసం 2 రంగుల బొమ్మ పెట్టొచ్చు, జాబితా చూసి ఆ స్క్రీన్‌కు తగిన బొమ్మ ఒక్కటే మెమరీలోకి తెస్తారు. ఈ జాబితాలో ఎంట్రీ 16 బైట్లు కాదు, 14. .ఐసీఓ ఫైల్లో చివరి నాలుగు బైట్లు "బొమ్మ ఫైల్లో ఫలానా చోట ఉంది" అని చెబుతాయి, ఎగ్జిక్యూటబుల్‌లో ఆ చోటికి అర్థం లేదు కాబట్టి దాని బదులు రెండు బైట్లలో బొమ్మ నంబర్ రాస్తారు. పాత ప్రోగ్రామ్‌ల నుంచి ఐకాన్లు బయటికి తీసే టూల్ రాసేవాళ్లకు ఆ రెండు బైట్ల తేడా తెలియకపోతే రెండో బొమ్మ నుంచి అంతా గందరగోళం అవుతుంది.

డైలాగ్ బాక్స్‌లో కొలతలు పిక్సెల్స్‌లో ఉండవు. అడ్డంగా ఒక యూనిట్ అంటే ఫాంట్‌లో సగటు అక్షరం వెడల్పులో నాలుగో వంతు, నిలువుగా ఎత్తులో ఎనిమిదో వంతు. వీజీఏ మీద సిస్టమ్ ఫాంట్‌ను 8 బై 16గా తీసుకుంటే రెండు వైపులా యూనిట్‌కు 2 పిక్సెల్స్, 50 బై 14 యూనిట్ల మామూలు బటన్ 100 బై 28 పిక్సెల్స్ అవుతుంది. స్క్రీన్ మారి ఫాంట్ పెద్దదైతే డైలాగ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. డైలాగ్ ఎడిటర్‌లో మౌస్‌తో జరిపి గీసుకోవడమే తేలిక, నిజమే, కానీ వచ్చిన .ఆర్‌సీని కళ్లతో ఒకసారి చదవాలి. ఎందుకంటే ట్యాబ్ కీ నొక్కితే కర్సర్ ఏ వరుసలో వెళ్తుందో నిర్ణయించేది స్క్రీన్ మీద బటన్లు ఉన్న చోటు కాదు, స్క్రిప్ట్‌లో లైన్లు ఉన్న వరుస. చివర్లో గుర్తొచ్చి పైన ఇరికించిన టెక్స్ట్ బాక్స్ చూడ్డానికి మొదటిదిలా ఉంటుంది, ట్యాబ్ మాత్రం అన్నీ తిరిగి ఆఖర్న అక్కడికి వస్తుంది. కీబోర్డ్ మీదే ఫారాలు నింపేవాళ్లకు ఇది రోజుకు వందసార్లు తగిలే నొప్పి.

పాత .ఆర్‌సీ ఫైళ్లలో ప్రతి లైన్‌లో కనిపించే ఇంకో మాట డిస్కార్డబుల్. మెమరీ చాలనప్పుడు దీన్ని పారేయొచ్చు అని విండోస్‌కు ఇచ్చే అనుమతి అది. పారేసేటప్పుడు డిస్క్‌లో ఎక్కడా దాచనక్కర్లేదు, అసలు కాపీ ఎగ్జిక్యూటబుల్‌లో ఎలాగూ ఉంది, మళ్లీ అడిగితే అక్కడినుంచే చదువుతుంది. అందుకే ఫ్లాపీ నుంచి ప్రోగ్రామ్ నడిపి మధ్యలో ఆ ఫ్లాపీ తీసేస్తే, ఏదో మెనూ నొక్కగానే ఫ్లాపీ మళ్లీ పెట్టమని అడిగేది. మూవబుల్ అంటే మెమరీలో చోటు మార్చుకోవచ్చని. కోడ్‌లో ఫైండ్‌రిసోర్స్, లోడ్‌రిసోర్స్, లాక్‌రిసోర్స్ అని మూడు అడుగులు ఉండడానికి కారణం ఇదే: దొరికిందా, తెచ్చామా, దాని మీద పని చేస్తున్నంతసేపు కదలకుండా పట్టుకున్నామా. 32 బిట్ విండోస్‌లో రిసోర్సులు ప్రోగ్రామ్‌తో పాటే మెమరీలో మ్యాప్ అయి ఉంటాయి, ఈ మాటల్ని కంపైలర్ పట్టించుకోదు, అయినా ఆ మూడు అడుగులూ అలాగే మిగిలాయి.

32 బిట్‌కు వచ్చేసరికి రెండు పెద్ద మార్పులు జరిగాయి, రెండూ తెలుగువాళ్లకు నేరుగా తగిలేవే. ఒకటి, రిసోర్స్‌ను వెతికే దారిలో రకం, నంబర్‌తో పాటు భాష అనే మూడో మెట్టు చేరింది, ఒకే నంబర్ మాట ఒకే ఫైల్లో ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉండొచ్చు. తెలుగుకు ఇచ్చిన భాష నంబర్ 74, భారత్‌లోని తెలుగు అని పూర్తిగా చెబితే 1098. రెండోది, మాటలన్నీ లోపల యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరాలకూ సొంత నంబర్లు ఉండే పద్ధతిలో, దాచడం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ వెర్షన్‌లోనే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఉన్నాయి కాబట్టి .ఆర్‌సీలో తెలుగు రాయడానికి ఫార్మాట్ పరంగా అడ్డేమీ లేదు.

అంతకుముందు 16 బిట్‌లో తెలుగు పెట్టాలంటే ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు నింపిన ఫాంట్లే గతి. డైలాగ్‌లో ఫాంట్ పేరు రాసే వీలు ఉంది కాబట్టి అక్కడ కొంతవరకు నడుస్తుంది. మెనూ, టైటిల్ బార్ సిస్టమ్ ఫాంట్‌తోనే గీస్తారు, అక్కడ నడవదు, మెనూలో ప్రతి అక్షరం మనమే గీసుకోవాల్సిందే. ఇంకో చిక్కు, .ఆర్‌సీలో ఆంపర్సాండ్ గుర్తు పెడితే పక్క అక్షరం కింద గీత పడి షార్ట్‌కట్ అవుతుంది. ఆ ఫాంట్‌లో ఏ తెలుగు ముక్క అయినా ఆంపర్సాండ్ చోటులో కూర్చుని ఉంటే ఆ ముక్క మాయమై పక్కదాని కింద గీత వస్తుంది. యూనికోడ్‌లో కూడా ఈ షార్ట్‌కట్ తెలుగుకు సూటిగా అతకదు, "స్త్రీ" లాంటి ఒక్క అక్షరం లోపల ఆరు కోడ్‌లు ఉంటాయి, గీత దేని కింద పడాలి, ఏ కీ నొక్కాలి? జపనీస్ మెనూల్లో చేసినట్టు మాట చివర బ్రాకెట్‌లో ఒక ఇంగ్లిష్ అక్షరం పెట్టి దానికి గీత ఇవ్వడమే ఉన్నంతలో మంచి దారి. డైలాగ్‌లో బటన్ ఎత్తు కూడా మామూలు 14 యూనిట్లు తెలుగుకు ఇరుకు, పైన గుడి, కింద వత్తు రెండూ ఉన్న మాటకు ఇంకో రెండు మూడు యూనిట్లు ఇస్తే నయం.

అన్నిటికన్నా మోసం చేసే చోటు ఇంకొకటి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్, తెలుగు సపోర్ట్ వచ్చాక ఎవరైనా పాత ప్రోగ్రామ్ .ఆర్‌సీలో తెలుగు మాటలు చేర్చి కంపైల్ చేశారనుకోండి. .ఆర్‌సీని యూనికోడ్‌లోనే సేవ్ చేశారు, రిసోర్స్ ఎడిటర్‌లో తెరిచి చూస్తే లోపల తెలుగు చక్కగా ఉంది. ప్రోగ్రామ్ నడిపితే మాత్రం ప్రశ్నార్థకాల వరుస. రిసోర్స్‌లో తప్పేమీ లేదు. స్ట్రింగ్ టేబుల్ నుంచి మాట తెచ్చే లోడ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌కు రెండు రకాలున్నాయి, పాత పద్ధతి అక్షరాలకు "ఏ", యూనికోడ్‌కు "డబ్ల్యూ". పాత కోడ్ పిలిచేది "ఏ" రకాన్ని, అది యూనికోడ్ మాటను ఆ మెషీన్‌లోని కోడ్ పేజీలోకి, అంటే పాత పద్ధతి అక్షరాల పట్టికలోకి, మార్చి ఇస్తుంది. తెలుగుకు విండోస్‌లో అలాంటి పాత కోడ్ పేజీ అసలు కేటాయించలేదు, కాబట్టి ప్రతి తెలుగు కోడ్‌కూ ఒక ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంటుంది. ఇది సరికావాలంటే .ఆర్‌సీని ఎంత తిప్పినా లాభం లేదు. కోడ్‌లో లోడ్‌స్ట్రింగ్ డబ్ల్యూ రకాన్ని పిలవాలి, ఆ మాటను పట్టుకునే బఫర్ రెండు బైట్ల అక్షరాలదై ఉండాలి, చివరికి దాన్ని చూపించే విండో కూడా డబ్ల్యూ రకంగానే రిజిస్టర్ అయి ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి పాత "ఏ" రకంలో మిగిలిపోయినా మళ్లీ అవే ప్రశ్నార్థకాలు.